పెండ్లి పందిట్లో పోయినది ముందు పందిట్లోనే వెతకండి

ఆరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పెండ్లిండ్ల చుట్టూనే తిరిగాయి. నేరపరిశోధన, బంగారు పని, లెక్కలు, చట్టం తెలిసినవాళ్లు కలిసి కూర్చుని రాసిన జవాబులివి. పాఠకుల పేర్లు వేయలేదు, ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: నా ప్రాణస్నేహితుడి పెండ్లి. ముహూర్తం పొద్దున 9:42కు. తొమ్మిదికి పెండ్లికూతురి గదిలో 48 గ్రాముల హారం కనబడలేదని తెలిసింది. పెండ్లికూతురి నాయన నన్ను పక్కకు పిలిచి, “నాయనా, తాళి కట్టేదాకా బయటికి పొక్కనీయొద్దు. నువ్వు నిదానస్తుడివి, నువ్వే చూడు” అన్నాడు. నాకు ఏమీ తోచలేదు. మధ్యాహ్నం వంటవాళ్ల పిల్లోడి మీద అనుమానం పెట్టి కొట్టబోయారు. సాయంత్రం అద్దెకు తెచ్చిన గిల్టు నగల పెట్టెలో హారం దొరికింది. ఇలాంటప్పుడు పద్ధతిగా ఎట్లా వెతకాలి? (కర్నూలు)

జవాబు: హారం దొరికిన చోటే మీ ప్రశ్నకు సగం జవాబు. దాన్ని ఎవరూ దొంగిలించలేదు, ఎవరో భద్రంగా పెట్టారు. “ఎవరు తీశారు” అని మొదలుపెడితే మనిషిని వెతుకుతారు. “ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు” అని మొదలుపెడితే వస్తువును వెతుకుతారు. ముహూర్తానికి నలభై నిమిషాలే ఉన్నప్పుడు వస్తువునే వెతకాలి.

స్నేహితుడిగా మీరు ఏ గదికైనా పోగలరు, అది మీ బలం. కానీ మీరు మగపెండ్లివారి మనిషి. పెండ్లికూతురి మేనత్తను మీరు ఏమి అడిగినా అది నిందలాగే వినబడుతుంది. అందుకని మొట్టమొదట ఆడపెండ్లివారి వైపు నుంచి ఒక పిన్నినో వదిననో తోడు తీసుకోండి. పెండ్లికూతురి అమ్మ వద్దు, ఆమెకు ఆ సమయంలో చేయి ఖాళీ ఉండదు, మనసు అసలే ఉండదు. గదిలో ఈమెను, నగలు పెట్టినామెను ఉంచి మిగతావాళ్లను వేదిక దగ్గరికి పంపండి. “పిల్లకు గాలి ఆడటం లేదు” అంటే చాలు, కారణం ఎవరూ అడగరు.

వెతకడం పెట్టెలతో మొదలు కావాలి. బంగారువి, వన్ గ్రామ్ గోల్డువి, అద్దెవి, అన్నీ మంచం మీద వరసగా పెట్టి ఒక్కొక్కటి తెరవండి. లోపలి మెత్తటి అట్టను కూడా ఎత్తి చూడండి, హారం వెనక గొలుసో దారమో దాని కింద ఇరుక్కుంటుంది. అద్దె సెట్లను అంగడివాడు సాయంత్రమే తీసుకుపోతాడు కాబట్టి వాటిని అన్నిటికంటే ముందు చూడాలి. మీ హారం ఇంకో గంట ఆగి ఉంటే అనంతపురమో ఆదోనో చేరి ఉండేది. పెట్టెల తర్వాత మంగళస్నానానికి నగలు తీసిన చోటు: స్నానాల గది మేకు, కిటికీ గట్టు, సబ్బు అర. తర్వాత విప్పిన చీర మడతలు. పట్టుచీర జరీకి హారం కొక్కెం తగులుకుంటే మడతలోనే ఉండిపోతుంది, కాబట్టి దులపకుండా నేలమీద పరిచి చేత్తో తడమాలి. ఆ తర్వాత పూలజడ తెచ్చిన బుట్ట, దిండు గలీబు, మేకప్ ఆమె పెట్టె, అన్నిటికన్నా చివర ‘ఎందుకైనా మంచిదని’ చేతిసంచిలో వేసుకొనే పెద్దమ్మలు. వాళ్లను “నీ సంచిలో ఉందా” అనకూడదు. “నువ్వు ఏమేమి జాగ్రత్త చేశావు పెద్దమ్మా” అనాలి. ఇదంతా పది నిమిషాల పని.

అప్పటికీ దొరకకపోతే రెండు క్షణాలు పట్టుకోవాలి. హారాన్ని చివరిసారి ఖాయంగా చూసిందెప్పుడు, లేదని ఖాయంగా తెలిసిందెప్పుడు. “ఎన్ని గంటలకు చూశావు” అని అడిగితే పెండ్లింట్లో ఎవరికీ గుర్తుండదు, ఏదో ఒక టైము చెప్పేస్తారు, ఆ తర్వాత దానికే కట్టుబడి ఉంటారు. “అప్పుడు పిల్ల ఏ చీరలో ఉంది? గౌరీపూజకు ముందా, తర్వాతా? కింద ఉగ్గాని బజ్జీ వడ్డన మొదలైందా?” అని అడగండి. పెండ్లిలో మనుషుల గడియారం అదే. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. నలుగురిలో అడిగితే మొదట మాట్లాడినామె చెప్పిందే మిగతా ముగ్గురూ చూసినట్టు అవుతుంది.

ఆ తర్వాత ఫొటోలు. ఫొటోగ్రాఫరు కెమెరాలో టైము తప్పుగా ఉండటం మామూలే. మీ ఫోన్ గడియారాన్ని ఆ కెమెరాతోనే ఒక ఫొటో తీయించండి. ఫోన్ 9:15 చూపిస్తూ, ఆ ఫొటో వివరాల్లో 9:01 అని ఉంటే, ప్రతి ఫొటోకూ 14 నిమిషాలు కలపాలి. కెమెరాలు రెండుంటే రెండింటికీ విడివిడిగా చేయాలి. బంధువుల ఫోన్లలోని ఫొటోలైతే వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోకండి, తీసిన టైము వివరం చెరిగిపోతుంది. వాళ్ల ఫోన్లోనే చూడండి, లేదా డాక్యుమెంటుగా పంపమనండి. ఇప్పుడు గౌరీపూజ ఫొటోలో మెడలో హారం ఉంది, సరిచేసిన టైము 8:26 అనుకోండి. పూలజడ వేస్తున్న ఫొటోలో లేదు, 8:44. మూడు గంటల హడావిడి పద్దెనిమిది నిమిషాలకు దిగింది. ఆ పద్దెనిమిది నిమిషాల్లో గదిలోకి వచ్చిపోయినవాళ్లు ఏడెనిమిది మంది ఉంటే ఎక్కువ. వంటశాలలో ఉన్న పిల్లోడు ఆ లెక్కలోకే రాడు.

మండపం సీసీ కెమెరాకూ ఇదే లెక్క. డీవీఆర్ (దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) తెరమీది టైముకూ మీ ఫోనుకూ తేడా రాసుకోండి. డిస్కు నిండితే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కుతాయి, అందుకని ఆ రోజే పెన్‌డ్రైవులోకి కాపీ అడగాలి. తెరను ఫోనుతో వీడియో తీసుకోవడం కాపీ కిందికి రాదు. గది తాళంచెవి ఎన్ని ఉన్నాయి, మండపం ఆఫీసులో మారుతాళం ఉందా అనేది కూడా అప్పుడే అడగండి. చెత్తబండిని ఆపండి. పూలచెత్త, విస్తరాకులు తార్పాలిన్ మీద పరిచి చూసేదాకా గేటు దాటనివ్వొద్దు.

చేయకూడనివి మూడు. ఎవరి ఒంటినీ, సంచినీ బలవంతంగా సోదా చేయకూడదు. గదిలో పెట్టి గడియ వేయకూడదు. కొట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం అడ్డగించడం 126, నిర్బంధించడం 127, కొట్టడం 115(2) సెక్షన్ల కింద నేరాలు. హారం పోగొట్టుకున్నవాళ్లే ముద్దాయిలవుతారు. తమలపాకుకు కాటుక రాసి అంజనం వేయించడం కూడా వద్దు. అంజనంలో ఎప్పుడూ కనబడేది ఆ ఇంట్లో అందరికంటే బలహీనుడి మొహమే. ఆ వంట పిల్లోడికి అందరి ఎదుటా క్షమాపణ చెప్పి ఉండకపోతే ఇప్పుడైనా పోయి చెప్పండి. హారం దొరికిన సంగతి మీ ఇంట్లో తెలుసు. వాడి ఊళ్లో తెలియదు.

ఇంటివాళ్లలోనే ఎవరో తీశారని గట్టిగా తేలి, పోలీసుల దాకా వద్దని పెద్దలు అనుకుంటే పాత పద్ధతి ఒకటి ఉంది. కెమెరా లేని గదిలో వెడల్పాటి గంగాళం పెట్టి పది కిలోల బియ్యం పోస్తారు. అందరూ ఒక్కొక్కరుగా లోపలికి పోయి, తలుపు వేసుకొని, మణికట్టుదాకా చేయి బియ్యంలో పెట్టి రావాలి. తీసినవాళ్లు ఎవరికీ తెలియకుండా వస్తువును అందులో వదిలేయడానికే ఇది. పెండ్లికూతురి నాయనే మొదట పోవాలి. అనుమానం ఉన్నవాళ్లనే పంపితే అది నింద, పారదు. ఎవరు ఎంతసేపున్నారో లెక్కపెట్టినా పారదు. వస్తువు దొరికాక ఎవరి పని అని తవ్వకూడదు, ఆ మాట ముందే ఇవ్వాలి. అయితే దీంతో ఆధారం చెరిగిపోతుంది. తర్వాత కేసు పెడదామంటే నిలవడం కష్టం.

ప్రశ్న: భోజనాల తర్వాత చేయి కడుగుతుంటే పెండ్లికొడుకు ఉంగరం వాష్‌బేసిన్‌లో పడిపోయింది. తీయవచ్చా? (ఆళ్లగడ్డ)

జవాబు: కుళాయి వెంటనే కట్టేయండి, ఇంకెవరినీ చేయి కడగనివ్వొద్దు. బేసిన్ కింద సీసాలాగా ఉబ్బెత్తుగానో యు ఆకారంలోనో ఉండే ట్రాప్‌లో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. బరువైన ఉంగరం సాధారణంగా అక్కడే ఆగుతుంది. కింద బకెట్ పెట్టి, ట్రాప్ అడుగు మూతను చేత్తో ఎడమవైపు తిప్పి విప్పండి. పానా వేసి బిగువుగా తిప్పితే ప్లాస్టిక్ మర పగులుతుంది. బకెట్లో పడినదాన్ని జల్లెడలో పోసి చూడాలి. వరసగా కుళాయిలున్న సిమెంటు తొట్టి అయితే ట్రాప్ ఉండకపోవచ్చు. అప్పుడు కాలువలోకి నీళ్లు పడేచోట ముందు గుడ్డ అడ్డం కట్టి, ఆ తర్వాతే చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్లు వదలాలి.

ప్రశ్న: పెండ్లిలో గంటసేపు కనబడకుండా పోయిన గొలుసు దిండు కింద దొరికింది. కానీ రంగు తేడాగా ఉందని మా అత్త అంటోంది. మార్చేశారేమో అని భయం. గీటురాయి మీద గీస్తే బంగారమే అన్నారు. బిల్లులో 40 గ్రాములు, 22 క్యారెట్లు. ఇంట్లో తేల్చుకోవచ్చా? (ప్రొద్దుటూరు)

జవాబు: బంగారు అంగళ్ల ఊళ్లో ఉన్నారు, చివరికి అక్కడే తేల్చుకోవచ్చు. కానీ ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది, నిజంగా మంచిది. గీటురాయి పైపూతనే చూస్తుంది. మందంగా బంగారు నీళ్లు పోసినదైతే గీటుకు దొరక్కపోవచ్చు. నీళ్ల పరీక్ష లోపలి లోహాన్ని కూడా పట్టుకుంటుంది.

0.01 గ్రాముదాకా చూపే చిన్న డిజిటల్ తక్కెడ కావాలి. ముందు గొలుసును పొడిగా తూచండి. తర్వాత తక్కెడ మీద సగానికి నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. సన్నని దారంతో గొలుసును కట్టి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా, చేత్తో వేలాడదీయండి. అప్పుడు తక్కెడ చూపే అంకె ఆ గొలుసు పక్కకు తోసిన నీళ్ల బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

22 క్యారెట్ల బంగారానికి అది దాదాపు 17.6 నుంచి 18 మధ్య ఉంటుంది, కలిపింది రాగా, వెండా అన్నదాన్ని బట్టి కొంచెం మారుతుంది. అంటే మీ 40 గ్రాముల గొలుసుకు నీళ్లలో అంకె 2.2 నుంచి 2.3 రావాలి. 18 క్యారెట్లదైతే 2.6 దగ్గర. వెండి మీద పూత అయితే 3.8. ఇత్తడి మీద పూత అయితే 4.7 దగ్గర. తేడా ఇంత పెద్దది కాబట్టి చేయి కొంచెం వణికినా మోసం దాగదు.

తప్పు ఎక్కడ వస్తుందంటే గాలి బుడగల దగ్గర. అల్లిక సందుల్లో బుడగలుంటే అంకె పెరిగి మంచి బంగారం కూడా తక్కువ క్యారెట్‌గా కనబడుతుంది. ముందు గొలుసును గోరువెచ్చని సబ్బునీళ్లలో ఆడించి, మంచినీళ్లతో కడిగి, ఆ తడితోనే ముంచండి. మూడుసార్లు చేసి చూడండి, మూడూ దగ్గరగా రావాలి. బోలు గుండ్ల గొలుసు, లక్క నింపిన నగ, రాళ్లూ ముత్యాలూ పొదిగినవి ఈ పరీక్షకు పనికిరావు. టంగ్‌స్టన్ సాంద్రత బంగారానికి దగ్గరే గానీ అది పెళుసు లోహం, గొలుసు అల్లికకు లొంగదు. బిస్కెట్ల విషయంలో మాత్రం దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇంకా సులువైనది హెచ్‌యూఐడీ, అంటే నగమీద వేసే గుర్తింపు సంకేతం. హాల్‌మార్క్ నిబంధన 2021 జూన్ 16 నుంచి దశలవారీగా వచ్చింది. 2023 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన హాల్‌మార్క్ నగమీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల సంకేతం ఉండాలి. భూతద్దంతో గొలుసు కొక్కెం దగ్గర చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. అది ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఏ కేంద్రంలో ముద్ర పడింది అని వస్తుంది. మీరు గొలుసు పట్టుకొని ఉంటే యాప్ ‘ఉంగరం’ అని చూపిస్తే ఆ ముద్ర ఆ నగది కాదు. అవ్వ కాలం నాటి నగకు ఈ సంకేతం ఉండదు, 2 గ్రాముల లోపు వాటికీ, కుందన్ పనికీ తప్పనిసరి కాదు. పెండ్లికి ముందే ప్రతి నగనూ ఆ ముద్ర కనబడేలా ఫొటో తీసి పెట్టుకోవడం పది నిమిషాల పని.

ప్రశ్న: చదివింపుల పుస్తకం (మావైపు ముయ్యి అంటాం) మొత్తం 2,86,420 రూపాయలు. సంచిలో ఉన్నది 2,61,920. తక్కువ వచ్చింది 24,500. రాసినవాడు నా బావమరిది, సంచి పట్టుకున్నది నా తమ్ముడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. (ధర్మవరం)

జవాబు: ఇద్దరినీ పక్కనపెట్టి ముందు పుస్తకం, ఫోన్లు పట్టుకొని కూర్చోండి. ఇప్పుడు పందిట్లో క్యూఆర్ కోడ్ అట్ట పెడుతున్నారు. డబ్బు ఫోన్లో పడుతుంది, పేరు పుస్తకంలో ఎక్కుతుంది, సంచిలోకి మాత్రం ఏమీ రాదు. ఆ రోజు పెండ్లికొడుకు, నాయన, అన్న, ఎవరి ఖాతాకు వచ్చినా సరే, అన్ని ఖాతాల జమలు తీయించి పుస్తకంలో పేర్ల పక్కన ‘ఫోన్’ అని టిక్ పెట్టండి. 24,500 లాంటి సున్నాలతో ముగిసే తేడాకు మొదట చూడవలసింది ఇదే. చదివింపులు 516, 1,116, 2,116 అని పదహారుతో వస్తాయి. ఫోన్లో వేసేవాళ్లు మాత్రం 500, 1,000, 5,000 అని వేస్తారు.

అది కాకపోతే పుస్తకంలో తప్పు. ప్రతి పేజీ అడుగు మొత్తం మళ్లీ వేయండి, తర్వాత పేజీ నెత్తిన అదే అంకె ఎక్కిందా చూడండి. 1,116ను 11,116 అని చదివితే సరిగ్గా 10,000 తేడా వస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా 9తో నిశ్శేషంగా పోతుంది: 5,116కు బదులు 1,516 అని రాస్తే తేడా 3,600. మీ 24,500 తొమ్మిదితో పోదు (అంకెలు కూడితే 11), కాబట్టి తారుమారు ఒక్కటే కారణం కాదు. ఒకే పేరు రెండుసార్లు ఎక్కిందా చూడండి, ముఖ్యంగా కవరు ఒకసారి, మనిషి వచ్చి పలకరించినప్పుడు ఇంకోసారి. చివరగా ఖాళీ కవర్లు. జిగురు అంటుకొని నోటు లోపలే ఉండిపోతుంది. కవర్లను పారేసి ఉండకపోతే ఒక్కొక్కదాన్ని రెండు వైపులా చింపి దీపం ముందు పెట్టి చూడండి.

ఇంకో పెండ్లికి: రాసేవాడు కవరు మీద వరస నంబరు వేయాలి, అదే నంబరు పుస్తకంలో ఉండాలి. పేజీకి ఇరవై పేర్లే. ఫోన్ డబ్బుకు వేరే పేజీ. వంద కవర్లకొకసారి ఇద్దరూ కలిసి సంచి లెక్కచూసి సంతకం పెట్టాలి. అప్పుడు తేడా వచ్చినా ఏ వందలో వచ్చిందో తెలుస్తుంది, బంధుత్వం దాకా పోదు.

ప్రశ్న: పెండ్లి ఊరేగింపులో ఫోను కొట్టేశారు. (కదిరి)

జవాబు: సిమ్ బ్లాక్ చేయించి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి, కింద చెప్పే నమోదుకు ఓటీపీ దానికే వస్తుంది. బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఆ రోజే ఆపించండి. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీ, బిల్లు, ఐఎంఈఐ నంబర్లతో (ఫోను గుర్తింపు సంఖ్యలు, పెట్టె మీద ఉంటాయి, రెండు సిమ్‌ల ఫోనుకు రెండు) కేంద్రప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో నమోదు చేయండి. ఆ ఫోను నెట్‌వర్క్‌ల మీద పనిచేయకుండా ఆగిపోతుంది. ఎవరైనా వాడటానికి ప్రయత్నిస్తే సమాచారం పోలీసులకు పోతుంది. ఎక్కడుందో మీకే తెలిసినా ఒంటరిగా పట్టుకోవడానికి పోవద్దు.

ప్రశ్న: మూడు రోజులు పెండ్లికి ఇంటిల్లిపాదీ పోతున్నాం. ఇంటికి తాళం. భయంగా ఉంది. (గుంతకల్లు)

జవాబు: ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు సరిగ్గా దీనికే. తాళం వేసిన ఇంట్లో కదలికను పట్టే కెమెరా పెడతారు, ఎవరైనా అడుగు పెడితే కంట్రోల్ రూముకు కబురు పోతుంది. పోయే రోజు కాకుండా ముందుగానే మీ స్టేషన్‌కు పోయి కెమెరా ఇప్పుడు అందుబాటులో ఉందా అడగండి. శుభలేఖలో తేదీ, ఇంటి చిరునామా రెండూ ఉంటాయి. దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేటప్పుడు చిరునామా మీద వేలు అడ్డం పెట్టండి.

ప్రశ్న: పెండ్లి నంద్యాలలో, మాది తాడిపత్రి. ఇంటికి వచ్చాక చూస్తే నాలుగు గాజులు లేవు. ఎక్కడ ఫిర్యాదు ఇవ్వాలి? ప్రైవేటు డిటెక్టివును పెట్టుకుంటే త్వరగా తేలుతుందా? (తాడిపత్రి)

జవాబు: తాడిపత్రిలోనే ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత నంద్యాలకు బదిలీ అవుతుంది. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా పోయి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. మామూలు దొంగతనానికి న్యాయ సంహిత 303(2) కింద మూడేళ్ల దాకా, నివాసంగానో వస్తువులు భద్రపరచడానికో వాడే కట్టడంలో జరిగితే 305 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.

ఫిర్యాదులో పేరు పెట్టి అనుమానం రాయడం మీద కాదు, వస్తువు వివరం మీద శ్రద్ధ పెట్టండి. ‘బంగారు గాజులు నాలుగు’ అంటే ఎవరికీ గుర్తుపట్టడం రాదు. ఒక్కో గాజు బరువు, లోపలి కొలత, మీద పని (నకాషీనా, సాదానా), ఎక్కడైనా సొట్ట, అతుకు, ముద్ర సంకేతం, బిల్లు, ఆ గాజులు వేసుకున్న ఫొటో. దొరికినప్పుడు ఇవి మీవేనని నిరూపించేది ఆ సొట్టే. దొరికిన నగ నేరుగా చేతికి రాదు, కోర్టు ఉత్తర్వుతో వస్తుంది. వీడియో ఆధారం ఇచ్చేటట్లయితే అసలు మెమరీ కార్డునో, డీవీఆర్ కాపీనో మార్చకుండా ఉంచండి. కోర్టుకు చేరాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, దాని మీద ఆ పరికరం చూసుకొనేవాళ్లు, ఒక నిపుణుడు సంతకం పెట్టాలి.

డిటెక్టివుల సంగతి. 2005 నాటి కేంద్ర చట్టం కాపలా సిబ్బంది ఏజెన్సీలకు లైసెన్సు పెట్టింది. డిటెక్టివులకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అంటే వాళ్లకు మీకంటే ఎక్కువ అధికారం ఏమీ లేదు. అడగగలరు, చూడగలరు, రాసుకోగలరు. సోదా చేయలేరు, మనిషిని ఆపలేరు. “కాల్ డేటా తెప్పిస్తా” అని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే లేచి రండి, అది పోలీసుల్లాంటి దర్యాప్తు సంస్థలకు, కోర్టులకు మాత్రమే దొరికేది. ఇంకో మార్గంలో తెచ్చేవాడు నేరం చేస్తున్నాడు, మిమ్మల్ని కూడా అందులోకి లాగుతాడు.

ప్రశ్న: ప్రాణస్నేహితుడి పెండ్లికి వచ్చిన డిటెక్టివు అక్కడే ఒక చిక్కు విప్పే కథ రాస్తున్నాను. కడప దగ్గర పల్లెలో పెండ్లి. తాళి కట్టే సమయంలో విడిదింట్లోంచి దస్తావేజుల సంచి పోతుంది. ఆనవాళ్లుగా వేలిముద్రలు, సిగరెట్ ముక్కలు తప్ప నాకేమీ తట్టడం లేదు. (కడప)

జవాబు: పెండ్లినే ఆనవాళ్లు ఇవ్వనివ్వండి. మీరు ఎంచుకున్న సమయం చాలా మంచిది. గట్టిమేళం మోగే ఒకటి రెండు నిమిషాలు పందిట్లో ఎవరి కళ్లూ పక్కకు పోవు, ఏ చప్పుడూ వినబడదు, వీడియో కెమెరాలన్నీ వేదిక వైపే ఉంటాయి. దొంగకు అంతకన్నా మంచి అదను లేదు. కానీ అదే నిమిషం దొంగను పట్టిస్తుంది కూడా. ముహూర్తానికి ముందు అందరి చేతుల్లో అక్షతలు పెడతారు. మేళం మోగగానే అందరూ చల్లేస్తారు. ఆ సమయంలో విడిదింట్లో ఉన్నవాడి అక్షతలు ఏమవుతాయి? పారేయడానికి మనసొప్పదు, అవి అక్షతలు. జేబులో వేసుకుంటాడు. సాయంత్రం రుమాలు తీసినప్పుడు నాలుగు పసుపు గింజలు రాలితే మీ డిటెక్టివుకు చాలు.

పసుపు ఇంకో సాక్షి. సబ్బు తగిలితే పసుపు మరక ఎర్రబడుతుంది, సున్నం తగిలినా అంతే. తెల్లచొక్కా మీద ఎర్రటి మరక ఉందంటే దాన్ని ఎవరో సబ్బుతో కడగబోయారు. పందిట్లో పసుపు మరకలు అందరికీ ఉంటాయి, పెండ్లి మధ్యలో ఎవరూ కడుక్కోరు. దాచవలసిన పని ఉన్నవాడే కడుక్కుంటాడు. నిమ్మరసం పడితే అది మళ్లీ పచ్చగా మారుతుంది. ఆ మలుపు కావాలంటే వాడుకోండి, కానీ ఆరిన మరక కొన్నాళ్లకు వెలిసిపోతుందని గుర్తుంచుకోండి, కథను వారం నడిపించొద్దు. పారాణి కూడా పసుపూ సున్నమే. తడి పారాణి పాదం నున్నటి బండమీద ఎర్రగా అచ్చు పడుతుంది, కాబట్టి విడిదింటి గడపలో ఆ అచ్చు ఉంటే పారాణి పెట్టించుకున్నవాళ్లు ఎవరు, ఎంతసేపటి క్రితం అని అడగవచ్చు.

డిటెక్టివును స్నేహితుడిని చేశారు కాబట్టి అతనికి ఒక ఇబ్బంది పెట్టండి. పెండ్లికొడుకు అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఏ మాట దగ్గర గొంతు తగ్గిస్తాడో తెలుసు. ఆ రోజు అలా తగ్గించాడు. అడిగితే పెండ్లి చెడుతుంది, అడగకపోతే పని చెడుతుంది. అప్పగింతల దాకా అడగకుండా అతను ఎట్లా పనిచేస్తాడన్నదే కథ. ఈలోగా అతను పీటల దగ్గర నిలబడి తలంబ్రాల పళ్లెం పట్టుకొని ఉండాలి, స్నేహితుడు కదా, అక్కడి నుంచి కదలలేడు. కళ్లు మాత్రమే పనిచేయాలి.

గోరింటాకును ఇష్టమొచ్చినట్టు వాడకండి. తీసిన వెంటనే నారింజరంగులో ఉండి, మరుసటి రోజుకు ముదురుతుంది. ‘నిన్న రాత్రి నేనూ అందరితో కూర్చుని పెట్టించుకున్నా’ అన్న అమ్మాయి చేయి పొద్దున పక్కవాళ్ల చేతులకంటే లేతగా ఉంటే ఒంటిగుణం వల్ల కూడా కావచ్చు. ఆమె రెండు చేతుల్లో ఒకటి ముదురు, ఒకటి లేత ఉంటే మాత్రం రెండో చేయి ఆలస్యంగా పెట్టించుకుంది. ఆ మధ్యలో లేచి ఎక్కడికి పోయిందో అడగమనండి.